పిల్లి కోపము

మా ప్రాంతమున పిల్లి లేని యిల్లు అరుదు. జగిత్యాలకు చేరువనున్న యీ సారంగాపూరు చుట్టుపట్ల వరియు, మక్కజొన్నయు, పసుపును విరివిగా పండును. ధాన్య మున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట పిల్లి యుండును. కావున ఇచ్చట పిల్లి నెవరును కొని తెచ్చుకొనరు. అదియే వచ్చి చేరును. ఒక చిప్పలో నింత పాలన్నము పెట్టినచో నాలుగు దినములలో అది మనదై పోవును.

ఇట్టి యింటికి నాలుగేండ్ల క్రిందట కొని తెచ్చిన పిల్లి యొకటి వచ్చినది. దాని మూలమున మా యింట జరిగిన రభసయు, అందువలన మేము నేర్చికొన్న సంగతులును సోదరీమణులకు నివేదించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందు మా తప్పులును గలవు. వానిని దాచి వ్రాసినచో చదువువారికి ప్రయోజన ముండదు.

మా తోడికోడలికి ఏడేండ్ల కూతురు గలదు. ఆ బిడ్డ పుట్టినదినమునకు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మేనమామ ఒక పర్షియను పిల్లిని కానుకగా తెచ్చెను. పాలనురుగు వంటి తెల్లని బొచ్చు, గుండ్రని ముఖము, లోనికి నొక్కినట్లున్న ముక్కు, రాగిరంగు కన్నులు. అమ్మినవాడు 'డాల్ ఫేస్', 'పంచ్ ఫేస్' అని రెండు రకములు చూపి, ముక్కు మిక్కిలి చప్పిడిగా నున్న రెండవ రకమునకు హెచ్చు వెల చెప్పెనట. "ఇది సాధుజాతి, పసిబిడ్డ యొడిలో వేసినను కదలదు" అని మాట యిచ్చెనట. దాని వెల విని మా అత్తగారు, "గా పైసలకు రెండు మేకలచ్చేటియి గద బిడ్డా" అనిరి.

బిడ్డ దానికి 'దూది' యని పేరు పెట్టినది. అప్పటికే మా యింట 'చుక్క' యను నాటుపిల్లి యుండెను. బూడిదవన్నెపై నల్లని చారలు, నుదుట నొక మచ్చ. చుక్కకు వెలయు లేదు, జాతియు లేదు. వడ్లబస్తాల గది దాని రాజ్యము. మా యింట ఎవరు ఎక్కుడో దానికి బాగుగా తెలియును. మా అత్తగారి పీటపై తప్ప మరెచ్చటను కూర్చుండదు.

మొదటి యారు మాసములు దూది నిజముగా సాధువుగనే యుండెను. చలికాలము పోయి ఎండలు ముదిరిన కొలదియు దాని స్వభావము మారుచు వచ్చినది. ఒడిలోనికి వచ్చుట మానెను. తాకినచో వీపుమీది చర్మ మదరును. తోకను నేలకేసి కొట్టును. మేము దానిని గర్వమనుకొంటిమి. కొన్న పిల్లికి ఠీవి యుండదా యని నవ్వుకొంటిమి గూడ.

మే మాసములో నొకనాటి మధ్యాహ్నము. మా ప్రాంతమున ఆ దినములలో ఎండ 45 డిగ్రీలు దాటుట క్రొత్త గాదు. మా తోడికోడలు అరుగుమీద చేటను ఒడిలో బెట్టుకొని బీడీలు చుట్టుచుండెను. లోపల బిడ్డ కేక విని పరుగెత్తితిమి. దూదిని ముందుకాళ్ల సందున చేతులుంచి ఎత్తుకొన్నదట. అది గిరుక్కున తిరిగి మణికట్టు పట్టుకొన్నది. విడిపించుసరికి నాలుగు కోరలును దిగినవి; మోచేతివరకు గోళ్ల గీతలు. మా తోడికోడలు చేతనున్న చేటతోనే దాని నొకటి కొట్టెను. తునికాకు, పొగాకు ఇల్లంతయు చెదరిపోయెను. పిల్లి మంచము క్రిందికి దూరి, లోపలినుండి బుస కొట్టజొచ్చెను.

ఇచ్చట మా మొదటి తప్పు చెప్పవలసియున్నది. ఇంటికి పెద్దకోడలమగుటచే అందరును మా ముఖము చూచిరి. మేము పసుపు దెచ్చి గాయమున నద్ది గుడ్డ కట్టితిమి. పిల్లికాటే గదా, కుక్కకాటు గాదు గదా యనుకొంటిమి. రాత్రికి చేయి ఉబ్బెను. తెల్లవారుసరికి ఒడలు కాలిపోవుచుండెను. జగిత్యాలలోని ప్రభుత్వపు ఆసుపత్రికి తీసికొనిపోగా వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, "సబ్బుతో కడిగినారా?" అని. మేము తల వంచుకొంటిమి.

ఆమె చెప్పిన మాటలు ప్రతి తల్లియు తెలిసికొనదగినవి. కుక్కకు వలెనే పిల్లికిని పిచ్చివ్యాధి సోకును. సోకిన పిల్లి కాటువలన మనుష్యులకును వచ్చును. ఆ వ్యాధి లక్షణములు పైకి కనబడిన తరువాత మందు లేదు. కనబడకముందు టీకా గలదు. కావున కరచిన వెంటనే పారు నీటి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. పసుపుగాని, కారముగాని, సున్నముగాని అద్దరాదు. గట్టిగా కట్టు కట్టరాదు. అదియునుగాక పిల్లికోర సూదివంటిది. పైన చిన్న చుక్కయే కనబడును గాని లోపల లోతుగా దిగి, దాని నోటిలోని సూక్ష్మక్రిములను కండరమువరకు చేర్చును. పైచర్మము త్వరగా మూసికొనగా లోన చీము పట్టును. బిడ్డకు గాయముచుట్టు నొక సూదిమందు వేసిరి. ఆ దినమున, మూడవనాడు, ఏడవనాడు, ఇరువదియెనిమిదవనాడు చర్మములోనికి టీకా లిచ్చిరి. చీము పట్టకుండ మాత్రలును వ్రాసి యిచ్చిరి. కరచిన పిల్లిని పది దినములు కనిపెట్టి యుండుడనియు, దానిని చంపుటగాని విడిచిపెట్టుటగాని చేయవలదనియు హెచ్చరించిరి.

ఆ పది దినములును మా యింట జరిగిన దొక న్యాయవిచారణ యనవలెను. మా అత్తగారు, "సంచిల గట్టి గోదారి అవుతల ఇడ్సి రాండ్రి" అనిరి. చంపుమని మాత్ర మనలేదు. పిల్లిని చంపిన పాపము పోవుటకు బంగారు పిల్లిని దానము చేయవలెనని వారు చిన్ననాటినుండి విన్న మాట. పొరుగింటావిడ, పైదేశపు జాతి యగుటచే దానిలో అడవి రక్తము కలిసినదని నిర్ణయించెను. మేనమామ టెలిఫోనులో, "జాతి మంచిదే, మీరే చెడగొట్టినారు" అని నొచ్చుకొనెను. మా తోడికోడలు ఆ మాటకు ఏడ్చి, తమ్ముడని చూడక గట్టిగా జవాబు చెప్పెను. అందరును జాతిని గూర్చియే వాదించుచుండిరి. బిడ్డ యొక్కతె, కట్టు కట్టిన చేయి ఒడిలో బెట్టుకొని, "పెద్దమ్మా, నేనేమనలే. ఎత్తుకున్న, గంతే. దానికి నొప్పైందేమో" అన్నది. పసిపిల్ల మాట యని మేమును విడిచితిమి.

దూది ఆ పది దినములును మంచము క్రిందనే యుండెను. మేత సగము విడిచిపెట్టుచుండెను. పదునొకండవనాడు గోదావరి దాటించుటకు సంచియు సిద్ధమయ్యెను. మా మరిది మెత్తని మనసువాడు. దాటించుటకు ముందొకసారి వైద్యునికి చూపుదమనెను. కోరుట్లలో 2008లో స్థాపించిన పశువైద్య కళాశాల గలదు. అచ్చటికి తీసికొనిపోతిమి.

అచ్చటి వైద్యురాలు దాని నోరు గాని గోళ్లు గాని మొదట చూడలేదు. నెమ్మదిగా బొచ్చు విడదీసి చంకలలో చూచి, మమ్ము చేరబిలిచెను. పైకి దూదివలె నున్న బొచ్చు లోపల జడలు కట్టి, దట్టమైన కంబళి ముక్కవలె చర్మమున కతుకుకొని యుండెను. అడుగు తీసినప్పుడెల్ల ఆ జడలు చర్మమును లాగుచుండెను. వాని క్రింద చెమ్మ చేరి ఎఱ్ఱని పుండ్లు పడెను. దంతముల చిగుళ్లును వాచి యుండెను. "బిడ్డ ఇక్కడ పట్టుకొని ఎత్తినది గదా? పుండుమీద వ్రేలు పెట్టి ఎత్తినట్లే" అని ఆమె చెప్పగా, బిడ్డ యన్నమాట మా చెవులలో మ్రోగినది. మత్తు ఇచ్చి, జడ లన్నియు గొరిగి, మందు వేసి పంపిరి.

పర్షియను పిల్లి పొడవాటి బొచ్చు తనంతట తాను శుభ్రపరచుకొనగలిగినది కాదు. మనుష్యులు ముచ్చటపడి తరతరములుగా ఎన్నుకొని పెంచిన బొచ్చది. మనుష్యులే దినదినమును దువ్వవలెను. మేనమామ పిల్లితోపాటు దువ్వెనయు నిచ్చి యుండెను. మూడునాళ్లు దువ్వి గోడమేకునకు తగిలించితిమి. మా తోడికోడలు దువ్వుచున్నదని మేమును, మేము దువ్వుచున్నామని ఆమెయు అనుకొంటిమి. ఇది మా రెండవ తప్పు.

ఇంటికి వచ్చిన తరువాత మేము దొరికినంత చదివితిమి. పిల్లులలో జాతిని బట్టి కోప ముండునా యను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పినదానిని క్లుప్తముగా విన్నవింతుము.

ఇంటిపిల్లికి మూలపురుషుడు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతములందలి యొక చిన్న అడవిపిల్లి. ధాన్యము నిలువజేయు పల్లెలు వెలసినప్పుడు ఎలుకలకై వచ్చి మనుష్యుల చెంత మెలగినది. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధి యొకదానిలో మనుష్యుని ప్రక్కనే పిల్లి యెముకలు దొరికినట్లు 2004లో ప్రకటించిరి. మా సారంగాపూరునకు చుక్క వచ్చిన విధమునకును ఆనాడు వచ్చిన విధమునకును భేదము లేదు.

జాతులన్ననో నిన్నమొన్నటివి. లండను నగరమున క్రిస్టల్ ప్యాలెసులో 1871లో హారిసన్ వియర్ అను నాయన పిల్లుల ప్రదర్శన నేర్పరచెను. అటుపిమ్మటనే జాతుల మోజు బలిసినది. కుక్కలలో కాపలాకొకటి, వేట కొకటి, గొఱ్ఱెల మంద కొకటి యని పనిని బట్టి, గుణమును బట్టి ఎన్నుకొని పెంచిరి. పిల్లులలో నట్లు గాదు. బొచ్చును, రంగును, ముఖమును చూచి ఎన్నుకొనిరి. కావున పిల్లి జాతిపేరు దాని రూపమును గూర్చి చెప్పినంతగా మనసును గూర్చి చెప్పజాలదు.

అంతమాత్రమున జాతికిని గుణమునకును సంబంధమే లేదనుటయు తప్పే. ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమువారు 2019లో సుమారు 5,700 పిల్లుల వర్తనమును విచారించి, జాతికిని జాతికిని భేదము గలదనియు, ఆ భేదములలో సుమారు సగము పుట్టుకతో వచ్చునదనియు తెల్పిరి. 2021లో 4,300 పైబడిన పిల్లులను విచారించినప్పుడు టర్కిష్ వాన్ అను జాతి మనుష్యులయెడ హెచ్చు కోపము చూపునట్లును, పర్షియను మిక్కిలి తక్కువ చురుకుదనము గలదిగను తేలినది. ఆసియా ఖండపు చిరుతపిల్లితో ఇంటిపిల్లిని కలిపి పుట్టించిన బెంగాలు జాతి అన్నిటికంటె చురుకైనదట. పొరుగింటావిడ చెప్పిన అడవి రక్తము అట్టివానియందు గలదు గాని మా దూదియందు గాదు.

సగము పుట్టుక యన్నచో మిగిలిన సగ మేమి? పిల్లిపిల్లకు రెండవ వారము మొదలు ఏడవ వారమువరకు మనసు మెత్తని మట్టివంటిది. ఆ దినములలో మనుష్యుల చేతులకు, మాటలకు అలవాటు పడినది పెద్దదైన తరువాత బెదరదు. తండ్రి చూపును పిల్ల చూడకపోయినను, తండ్రి ధైర్యశాలి యైనచో పిల్లలును ధైర్యము గలవగునని 1995లో ప్రకటించిన పరిశోధన యొకటి తెల్పినది. ఎనిమిది వారములు నిండకముందే తల్లినుండి వేరుచేసిన పిల్లలలో కోపము హెచ్చుగా నుండునని 2017లో హెల్సింకీవారే చెప్పిరి. అంగడిలో ముద్దుగా నున్నదని నెలపిల్లను కొని తెచ్చుట యెంత అన్యాయమో యిందువలన తెలియుచున్నది.

ఇది యంతయు చదివిన తరువాత మాకు సందేహము పూర్తిగా తీరినది పుస్తకముల వలన గాదు, చుక్క వలన. ఆ యేటి వానకాలమున చుక్క వడ్లబస్తాల వెనుక మూడు పిల్లలను పెట్టినది. బస్తా తీయబోయిన మా మరిది మీదికి ఉరికి ముంజేయి రక్కినది. దొడ్డిలోనికి వచ్చిన వీథికుక్కను గడప దాటువరకు తరిమినది. నాలుగు దినములలో పిల్లలను నోట గరచుకొని మూడు చోట్లకు మార్చినది. ఇల్లంతయు ఏమన్నది? "పిల్లలతల్లి గదా" అన్నది. మా అత్తగారు, "దాని తెర్వు పోకుండ్రి" అని అందరిని మందలించి, పాలచిప్పను దూరముగా పెట్టించిరి. మరిది సబ్బుతో చేయి కడుగుకొని జగిత్యాలకు పోయి టీకా వేయించుకొనెను. ఆ పాఠము మాత్ర మందరికిని వచ్చియుండెను. చుక్క జాతి యేమని ఒక్కరును అడుగలేదు. సంచి యెవరును దేలేదు.

అప్పుడు మాకు సిగ్గు కలిగినది. నాటుపిల్లి కోపమునకు కారణము వెదకితిమి. కొన్న పిల్లి కోపమునకు జాతిని వెదకితిమి. వెల యిచ్చి సాధుత్వమును కొంటిమని నమ్మినందున, అది నొప్పితో చెప్పిన మాట మాకు వినబడలేదు. ఆరు మాసములు అది తోకతో చెప్పినది, చర్మముతో చెప్పినది, ఒడి విడిచి చెప్పినది. చివరకు కోరతో చెప్పినది. పిల్లినైనను గదిలో బెట్టి కొట్టినచో తిరుగబడునని మన పెద్దలెన్నడో అన్నారు గదా. మేము కొట్టలేదు గాని, తప్పించుకొన వీలులేని నొప్పిలో బెట్టితిమి.

కావున పిల్లి కరచినదన్నచో జాతి నడుగుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. ఎక్కడనైన నొప్పి గలదా? చెవిలోనా, పంటిలోనా, బొచ్చుక్రిందనా? సాధువుగా నున్నది హఠాత్తుగా మారినచో మొదట వైద్యునికే చూపవలెను. భయపడినదా? మూల దొరికిన పిల్లిని చేయి చాచి పట్టరాదు. సమీపమున పిల్లలు గలవా? కిటికీ బయట మరియొక పిల్లిని చూచి రేగిన కోపమును దగ్గర నున్నవారిపై తీర్చుకొన్నదా? అట్టిచో గంటల తరబడి దానిని ఒంటరిగా విడువవలెను. దువ్వుట, నిమురుట దానికి చాలినంతకంటె మించినదా? చెవులు ప్రక్కకు వంచి, కంటిపాపలు పెద్దవిచేసి, తోక విదిలించినచో చేయి తీసివేయవలెను. చిన్ననాడు మన వ్రేళ్లతో ఆడించి కరచుట నేర్పితిమా? ఆటకు గుడ్డముక్క నో త్రాటినో వాడవలెను గాని వ్రేళ్లు కాదు. మగపిల్లుల పోట్లాటకు, తిరుగుళ్లకు శస్త్రచికిత్స మంచి మందు. పదింట ఎనిమిది తొమ్మిదింటిలో ఆ గుణము తగ్గును. ఇంటి పిల్లికి ఏటేట పిచ్చివ్యాధి టీకా వేయించుట మాత్రము మరువరాదు. కొట్టుట వలన నొక్క కోపమును మానదు. భయము మాత్ర మధికమగును.

ఇంకొక మాట. మా యెండలకు చప్పిడిముక్కు పర్షియను తగినది కాదు. ముక్కు పొట్టి యగుటచే ఊపిరికి శ్రమపడును, వేడిమి కోర్వలేదు; కన్నీరు కారుచుండును. బిడ్డల ముచ్చటకు పిల్లి కావలెననిన తల్లులు మా వంటి యూళ్లలో ఏ వడ్లగదిలోనో పుట్టినదాని నొకదానిని, తల్లిపాలు మానిన తరువాత తెచ్చుకొనుట మేలు. వెలయును లేదు, మన యెండలు దానికి పుట్టినింటి యెండలు.

దూది నేటికిని మా యింటనే యున్నది. కథలలోవలె ఒడిలో నిద్రించు పిల్లిగా మారినదని చెప్పలేము. పొట్ట తాకనీయదు, ముందుకాళ్ల సందున చేయి పోనీయదు. మేమును కోరుట లేదు. ప్రతి శివరాత్రి వెళ్లిన పిమ్మట బొచ్చు పొట్టిగా కత్తిరింపించుచున్నాము. దువ్వెన యిప్పుడు మేకునకు లేదు. సోమ, బుధ, శుక్రవారములు మావి, తక్కిన దినములు మా తోడికోడలివి. మా అత్తగారు ఇప్పటికిని దానిని "పైసల పిల్లి" యనియే పిలుతురు. అయినను ఎండకాలపు మధ్యాహ్నములందు కుండ ప్రక్కన, చల్లని నేలపై తడిగుడ్డ పరచునది వారే.

బిడ్డ మణికట్టున రెండు చిన్న మచ్చలు మిగిలినవి. మొన్న నామె స్నేహితురాండ్రు వచ్చి దూదిని ఎత్తుకొనబోగా, మా మాట యక్కరలేకయే వారి నాపినది. "ఆగుండ్రి, ఫస్టు దాని తోక జూడుండ్రి" అన్నది.